వార్డు నుంచి మొదలైన ఈశ్వరీబాయి

(ఫిబ్రవరి 24, ఈశ్వరీబాయి వర్ధంతి సందర్భంగా జనగామలో చేసిన ప్రసంగ పాఠం. మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి వచ్చిన కార్యకర్తలు కూడా ఈ సభలో ఉన్నారు.)



పొద్దున్నే కూలి పని వదులుకొని వచ్చినవాళ్ళున్నారు. భూపాలపల్లి నుంచి రాత్రి షిఫ్టు దిగి నేరుగా బస్సెక్కి వచ్చిన తమ్ముళ్ళున్నారు. అందుకని దండల గురించి, ఫొటోల గురించి ఎక్కువ మాట్లాడం. ఇవ్వాళ మనం ఈశ్వరీబాయి పేరు మీద కూడినం. ఆమె పేరెత్తితే అందరూ ఎమ్మెల్యేగా చేసింది చెప్తరు. శాసనసభలో గర్జించిందని చెప్తరు. నిజమే. కాని అంతకు ముందు పదేళ్ళు ఆమె మునిసిపాలిటీలో కౌన్సిలర్‌గా ఉండె. ఆ పదేళ్ళను రాసేవాళ్ళంతా ఒక్క వాక్యంలో దాటేస్తరు. ఎందుకు దాటేస్తరు? నల్లా, మోరీ, వీధి దీపం గురించి కొట్లాడితే అది చరిత్ర కాదని వాళ్ళ లెక్క. మన లెక్క వేరు. మన వాడల్లో చావు బతుకులు నల్లా దగ్గర, మోరీ దగ్గర, బొందలగడ్డ దగ్గరనే ఉన్నయి. అందుకే ఇవ్వాళ ఆ ఒక్క వాక్యం గురించి మాట్లాడుదామనుకున్నం.

ముందు ఆమె ఎవరో కుర్రవాళ్ళ కోసం చెప్తం. 1918 డిసెంబర్ 1న సికింద్రాబాద్ చిలకలగూడలో పుట్టింది. మాల ఇంటి బిడ్డ. తండ్రి నిజాం రైల్వేలో ఉద్యోగి. రైలు పట్టాల పక్కన పెరిగిన బస్తీ అది. అందుకే ఆ రోజుల్లోనే ఆమెకు నాలుగక్షరాలు దొరికినయి, కీస్ హైస్కూల్లో చదివింది. పల్లెల్లో వెట్టి చేస్తున్న మన అవ్వలకు ఆ అదృష్టం లేదు. చిన్న వయసులోనే పూనాలో దంతవైద్యుడు జెట్టి లక్ష్మీనారాయణ గారికిచ్చి పెళ్ళి చేసిండ్రు. తర్వాత కూతుర్ని చంకనేసుకొని మళ్ళీ చిలకలగూడకే వచ్చింది. పరోపకారిణి బడిలో పంతులమ్మగా చేరింది. ఆ కూతురే డాక్టరై, తర్వాత మంత్రి అయిన గీతారెడ్డి. తల్లి చిలకలగూడలో ఆ బిడ్డ పేరు మీదనే గీతా విద్యాలయం అని బడి పెట్టింది.

మేము కూడా బడిపంతుళ్ళమే. మా ఇండ్లల్లో డిగ్రీ చదివిన మొదటి తరం. అందుకని ఈ సంగతి మాకు దగ్గరగా తోస్తది. పంతులమ్మ రోజూ ఇంటింటి పిల్లగాండ్లను చూస్తది. ఎవడు అన్నం తినకుండ వచ్చిండో, ఎవరి పిల్ల నీళ్ళ కోసం నిలబడి ఆలస్యంగా వచ్చిందో ఆమెకు తెలుస్తది. వార్డు సంగతి హాజరు పట్టీ చూసినంత మాత్రాన తెలిసేది పంతులమ్మకే.

ఆమె మొదటిసారి కౌన్సిలర్ అయింది 1950ల మొదట్లో. ఆ కాలం ఎట్లాంటిదో ఒకసారి గుర్తు చేసుకోండి. 1948 సెప్టెంబర్‌లో నిజాం రాజ్యం పోయింది. మన జనగామ తాలూకాలో కడవెండి గడీ ముందు దొడ్డి కొమరయ్య 1946 జులై 4న తూటాకు పడిపోయి అప్పటికి నాలుగైదేండ్లు. ఊర్లల్లో మిలిటరీ క్యాంపులు. పట్నంలో కొత్త మునిసిపల్ చట్టం వచ్చింది, హైదరాబాద్‌కు ఒక కార్పొరేషన్, సికింద్రాబాద్‌కు ఒక కార్పొరేషన్ అయినయి. ఆ రెండూ 1960లో కలిసిపోయినయి. ఆ సికింద్రాబాద్ కౌన్సిల్‌కు చిలకలగూడ నుంచి ఒక దళిత స్త్రీ నిలబడి గెలిచింది. ఇవ్వాళ ఆడవాళ్ళకున్న రిజర్వేషన్ అప్పుడు లేదు. నిలబెట్టిన మొగుడు లేడు, వెనక దొర లేడు. రెండు దఫాలు గెలిచింది.

ఆమె వెంట ఉన్నదేంది? బస్తీ. ఆ బస్తీకి ఒక నడక ఉండె. 1906లోనే భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలతో మొదలుపెట్టి, మన పిల్లలకు బడులు తెరిచిండు. ఘాస్‌మండిలో బి.ఎస్. వెంకట్రావు, ఇంకా అరిగె రామస్వామి, జె.హెచ్. సుబ్బయ్య, శ్యామ్‌సుందర్. వీళ్ళంతా ఒకరితో ఒకరు కొట్లాడుకున్నరు కూడా. అది దాచాల్సిన పని లేదు. కాని వాళ్ళ కొట్లాటల్లోంచే పట్నం బస్తీల్లో సంఘం పెట్టడం, అర్జీ రాయడం, మీటింగు పెట్టడం అలవాటైంది. ఈశ్వరీబాయి ఆ అలవాటులోంచి వచ్చిన మనిషి. షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌లో పనిచేసింది. 1956 డిసెంబర్ 6న బాబాసాహెబ్ పోయినంక, 1957లో రిపబ్లికన్ పార్టీ పుట్టినంక, ఆ పార్టీని ఆంధ్రప్రదేశ్‌లో మోసినవాళ్ళలో ముందున్నది ఆమెనే.

కౌన్సిలర్ అంటే ఏముంది, మోరీలు తీపిచ్చుడే గదా అని మనోళ్ళే చులకన చేస్తరు. వాళ్ళ కోసం ఒక పాత కథ చెప్తం. బాబాసాహెబ్ మొదటి పెద్ద పోరాటం ఏంది? మహద్ చెరువు. ఆ కథ ఎక్కడ మొదలైంది? మునిసిపాలిటీలోనే. 1923 ఆగస్టులో బొంబాయి శాసన మండలిలో ఎస్.కె. బోలే అనే ఆయన తీర్మానం పెట్టిండు, సర్కారు సొమ్ముతో నడిచే చెరువులు, బావులు, బడులు అంటరానివాళ్ళకు కూడా తెరవాలని. 1924 జనవరిలో మహద్ మునిసిపాలిటీ దాన్ని ఒప్పుకొని, చవ్‌దార్ చెరువు అందరిదీ అని తీర్మానం చేసింది. అప్పుడు ఆ మునిసిపాలిటీకి అధ్యక్షుడు సురేంద్రనాథ్ టిప్నిస్, మంచిమనిషి. తీర్మానమైంది. కాయితం మీద పడ్డది. మూడేండ్లు గడిచినయి. ఒక్క అంటరాని మనిషి ఆ నీళ్ళు ముట్టలేదు, ముట్టనియ్యలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి ఆ నీళ్ళు తాగిండు. తర్వాత ఏమైంది? మనోళ్ళ మీద లాఠీలు, కర్రలు. చెరువును పేడతో, ఆవు మూత్రంతో శుద్ధి చేసుకున్నరు. 1927 ఆగస్టులో అదే మునిసిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. ఆ వ్యాజ్యం 1937లో హైకోర్టులో మనవైపు తేలేదాకా పదేండ్లు నడిచింది.

దీంట్ల రెండు సంగతులున్నయి. తీర్మానం ఒక్కటే ఉంటే నీళ్ళు రావు. ఇది అందరం చెప్తం. రెండోది మనం మరుస్తం. తీర్మానమే లేకపోతే బాబాసాహెబ్ ఆ చెరువు దగ్గర చట్టం మనవైపుందని నిలబడి చెప్పగలిగేటోడా? లోపల ఆ కాయితం పుట్టాలె, బయట దాన్ని మోసే కాళ్ళుండాలె. వాళ్ళకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. అందుకే కదా రద్దు చేసుకున్నది కూడా మునిసిపాలిటీలోనే!

ఇప్పుడు మా సంగతి ఒకటి చెప్పాలె. ఊరి పేరు, మనిషి పేరు చెప్పం. ఆ అక్క ఇంకా అక్కడనే బతకాలె.

ఒక మునిసిపాలిటీలో ఎస్సీ మహిళకు వార్డు రిజర్వ్ అయింది. సఫాయి పని చేసి పెంచిన తల్లి కూతురు ఆమె. మేమంతా కలిసి నిలబెట్టినం. డప్పు మాది, పాట మాది, గోడ మీద రాత మాది. ఎదుటోడు ఓటుకింత అని పంచిండు. మేము చాయ్ కూడా పొయ్యలేదు. అయినా గెలిచింది. ఆ రాత్రి వాడంతా నిద్రపోలేదు. గెలిచినంక మేమేం చేసినం? ఇండ్లకు పోయినం. ఎవరి బడి వాళ్ళది, ఎవరి కూలి వాళ్ళది. ఆ అక్క ఒక్కతే కౌన్సిల్ హాల్లోకి పోయింది. వెనక వరసలో కుర్చీ చూపిచ్చిండ్రు. కొన్నాళ్ళకు ఆమె బదులు ఆమె పెనిమిటి పోవుడు మొదలైంది. మీటింగు నాడు మాత్రం ఆమెను పిలిచి రిజిస్టరులో సంతకం తీసుకునేటోళ్ళు. ఎజెండా కాయితాలు ఇంటికి వచ్చేటివి. ఆమెకు ఆ భాష అర్థమయ్యేది కాదు. మాకూ ఒకసారి చూపిస్తే మూడుసార్లు చదివినం. ఆ తెలుగు ఎవరికి అర్థం కావాలని రాస్తరో!

మా బొందలగడ్డ జాగ ఊరి బయట ఉండేది. ఊరు పెరిగింది, జాగ ఊరి నడుమకొచ్చింది. ఒకరోజు పొద్దున జేసీబీ వచ్చి సగం చదును చేసింది. పోయి అడ్డుపడినం. "కౌన్సిల్ తీర్మానమైంది, మీ మెంబరు కూడా ఉంది గదా" అన్నరు. మేము నమ్మలేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టినం. నెల దాటినంక మినిట్స్ కాపీ వచ్చింది. ఆ రోజు నలభై దాకా అంశాలు ఎజెండాలో ఉన్నయి. మన జాగ ముచ్చట చివరి పేజీలో, వేరే పేరుతో, సర్వే నంబరుతో ఉన్నది. కింద ఒకటే మాట: ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. హాజరు జాబితాలో మన అక్క సంతకం.

ఆ కాయితం తీసుకొని ఆ అక్క దగ్గరికి పోయినం. కోపంతోనే పోయినం, అబద్ధమెందుకు. ఆమె కాయితం చూసి ఏమన్నదంటే, "మీరు నన్ను గెలిపిచ్చిండ్రు సార్, తర్వాత నాతోని ఎవరు కూసున్నరు?" అన్నది. మా నాయన్ను పూడ్చిన జాగ కూడా ఆ సగంలనే పోయింది అని ఆమె ఏడ్చింది. మాకు ఇంక మాట రాలేదు.

తప్పు ఆమెది కాదు. ఆమె పెనిమిటిదో, చైర్మన్‌దో, కమిషనర్‌దో అని చెప్పి తప్పించుకోవచ్చు. వాళ్ళ పని వాళ్ళు చేసిండ్రు. మా పని మేము చెయ్యలేదు. ఏకగ్రీవం అనే మాటలో మా మౌనం కూడా ఉన్నది.

మిగిలిన సగం జాగకు ఇప్పుడు గోడ ఉన్నది. దాని కోసం ఆ అక్కనే మళ్ళీ కౌన్సిల్లో లేచి అడిగింది. అడిగే ముందు నాలుగు రోజులు మేము ఆమెతోని కూచున్నం. పెనిమిటిని కూడా కూచోబెట్టినం. ఆయన చెడ్డోడేం కాదు, బయట జనం "మెంబర్ సాబ్" అని పిలుస్తుంటే మురిసిపోయిండు అంతే.

మళ్ళీ ఈశ్వరీబాయి దగ్గరికొస్తం. ఆమె బలం ఎక్కడుందంటే, లోపల మాట్లాడేటప్పుడు ఆమె ఒంటరిగా లేదు. ఇంటి దగ్గర ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పేది. బడి ఉంది. పార్టీ ఉంది. మంచినీళ్ళు, గుడిసెలోళ్ళకు జాగలు, బస్తీల బాగోగులు ఆమె ముచ్చట్లు. ఇవి ఎక్కడో చదివి తెచ్చుకున్న ముచ్చట్లు కావు, గడప దగ్గరికి వచ్చినవి. ఆమె కౌన్సిల్లో కూచున్న రోజుల్లోనే, 1953 జనవరిలో, ఉస్మానియా యూనివర్సిటీ బాబాసాహెబ్‌కు డాక్టరేట్ ఇచ్చి గౌరవించుకుంది.

కౌన్సిల్లో పదేళ్ళు నోరు తిరిగినంకనే ఆమె శాసనసభకు పోయింది. 1967లో నిజామాబాద్ జిల్లా ఎల్లారెడ్డి నుంచి రిపబ్లికన్ పార్టీ తరఫున గెలిచింది. ఎవరి మీద గెలిచిందో తెలుసా? టి.ఎన్. సదాలక్ష్మి మీద. సదాలక్ష్మి కూడా సికింద్రాబాద్ బస్తీ బిడ్డనే, మాదిగ ఇంటి ఆడపడుచు, డిప్యూటీ స్పీకరుగా, మంత్రిగా చేసిన మనిషి. తర్వాత ముసలితనంలో దండోరా జెండా పట్టుకుంది. ఒకే పట్నం నుంచి వచ్చిన ఇద్దరు దళిత స్త్రీలు ఒకే సీటు కోసం కొట్లాడవలసి వచ్చింది. ఒకామె కాంగ్రెస్‌లో, ఒకామె బాబాసాహెబ్ పార్టీలో. ఇద్దరూ సభలో కూచోవాల్సిన వాళ్ళు. మేము ఈ సభలో ఈశ్వరీబాయికి దండ వేస్తూ సదాలక్ష్మిని చిన్నచెయ్యం. మాల మాదిగల వాటాల పంచాయితీ 2024 ఆగస్టు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో, 2025 నాటి తెలంగాణ చట్టంతో ఒక మలుపు తిరిగింది. ఎవరి వాటా వాళ్ళకు దక్కాల్సిందే. దాని గురించి ఈ సభలోనే రెండు తీర్ల అభిప్రాయాలున్నయని మాకు తెలుసు. కాని వార్డులో బొందలగడ్డ పోతే రెండు వాడలదీ పోతది.

1968లో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే మన పిల్లగాణ్ణి దొంగతనం మోపి, కట్టేసి, సజీవంగా కాల్చిండ్రు. అప్పుడు శాసనసభలో ఈ ఘోరాన్ని నిలదీసింది ఈశ్వరీబాయి. ఒక మంత్రి హరిజనుల గురించి నోరు పారేసుకుంటే చెప్పు తీసి చూపించిందని ఇప్పటికీ చిలకలగూడ వైపు చెప్పుకుంటరు. 1969 తెలంగాణ ఉద్యమంలో ముందు నిలబడింది, 1972లో అదే ఎల్లారెడ్డి నుంచి సంపూర్ణ తెలంగాణ ప్రజాసమితి పక్షాన మళ్ళీ గెలిచింది. 1991 ఫిబ్రవరి 24న పోయింది. ఆర్నెల్లు తిరక్కుండానే, ఆగస్టు 6న, చుండూరు జరిగింది. ఆమె ఉంటే ఏం మాట్లాడేదో అని ఆ రోజుల్లో మా పెద్దలు అనుకునేటోళ్ళు.

ఇగ మన మూడు పట్నాల ముచ్చట. 2016 అక్టోబర్ 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ జిల్లా కేంద్రాలైనయి. సంబురపడ్డం. కలెక్టరేట్ వచ్చింది, రోడ్లు వెడల్పయినయి, భూమి ధర ఎగిరింది. ఎగిరిన ధర ఎవరి మీద పడ్డది? ఊరి చివర లావుణి పట్టాలు ఎవరివి? మనవి. ఆ భూములు అమ్మరాదు, కొనరాదు అని 1977లోనే చట్టం చేసిండ్రు. కాని ప్లాట్ల రాళ్ళు పాతేటోనికి చట్టం కనపడదు, మునిసిపల్ అనుమతి కనపడతది. ఇంకొకటి, చుట్టుపక్కల పల్లెలను పట్నాల్లో కలిపిన చోటల్లా మన కూలోళ్ళకు దెబ్బ తగిలింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పల్లెలకే రాసింది. ఊరు మునిసిపాలిటీలో కలిసిన రోజే జాబ్ కార్డు ఉత్త కాయితమైంది. పన్ను పట్నపుది, బతుకు పల్లెది. ఈ మాట కౌన్సిల్లో లేచి ఎంతమంది అడిగిండ్రు?

2020 జనవరి ఎన్నికల్లో జనగామకు 30 వార్డులు, మహబూబాబాద్‌కు 36, భూపాలపల్లికి 30. మొత్తం 96 కుర్చీలు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలైంది. దాని ప్రకారం మన జనాభా లెక్కన మనకు వార్డులు రిజర్వ్ కావాలె. ఇది ఎవరి దయ కాదు. మన రాష్ట్రంలో సగం సీట్లు ఆడవాళ్ళవి. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో మునిసిపాలిటీలకు రాసిన పనులు 18. మంచినీళ్ళు అందులో ఉన్నయి, మురికివాడల బాగు ఉంది, వీధి దీపాలున్నయి, బొందలగడ్డలు కూడా ఉన్నయి. 2019 మునిసిపల్ చట్టంలో వార్డుకు నాలుగు కమిటీలు వెయ్యాలని ఉంది: యువకులది, ఆడవాళ్ళది, పెద్దమనుషులది, ఊరి ముఖ్యులది. కమిటీకి 15 మంది. మీ వార్డు కమిటీలో ఎవరున్నరో మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూసిండ్రా.

అదే చట్టంలో ఇంకో సంగతి ఉంది, కౌన్సిలర్‌ను కలెక్టర్ సస్పెండు చెయ్యొచ్చు. నాటిన మొక్కలు బతక్కపోయినా మెంబరు పదవి మీదికి వస్తది. జనం వేసిన ఓటు ఒక ఆఫీసరు సంతకం కింద నలిగేట్టుంటే అది స్థానిక పాలన ఎట్లయితది? ఇది మేము ఒప్పుకోం.

సఫాయి పని ముచ్చట చెప్పకుంటే ఈ సభకు అర్థం లేదు. మునిసిపాలిటీ అంటే పైన చైర్మన్, కమిషనర్ అనుకుంటం. పొద్దున నాలుగింటికి చీపురు పట్టుకొని లేచేది మన తల్లులు. పాకీ పనిని 1993లో ఒకసారి, 2013లో ఇంకోసారి చట్టం చేసి నిషేధించిండ్రు. మోరీలో, డ్రైనేజీ గుంతలో దిగి సచ్చిపోయిన వాళ్ళ కుటుంబానికి 10 లక్షలియ్యాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు అన్నది, 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. సచ్చినంక ఎంత ఇయ్యాల్నో లెక్క తేలింది. బతికుండంగ చేతికి గ్లౌజు, కాలికి బూటు, నెలకు టైముకు జీతం. ఇది మీ మెంబరు మొదటి మీటింగులో అడగాల్సిన మాట. కాంట్రాక్టరు బిల్లు ఎజెండాలోకి వచ్చిన్నాడే అడగాలె. బిల్లు పాసైనంక అడిగితే నవ్వుతరు.

మేము సర్కారు నౌకరీలో ఉన్నోళ్ళం, పోటీ చెయ్యలేం. ఎజెండా చదివిపెట్టొద్దని మాత్రం ఏ రూలూ లేదు. ఆ బొందలగడ్డ సంగతి జరిగినప్పటి నుంచి మేము ఒక పని పెట్టుకున్నం. మన మెంబర్లకు ఎజెండా కాయితం అందిన సాయంత్రమే ఎవరో ఒకరి ఇంట్ల కూచుంటం. ఒక్కొక్క అంశం గట్టిగా చదువుతం. ఏ సర్వే నంబరు ఏ వాడదో ముసలోళ్ళు చెప్తరు, వాళ్ళకు తెలిసినంత ఏ రికార్డుకూ తెలియదు. వద్దనుకున్న అంశానికి అసమ్మతి అని రెండు లైన్లు రాసి పెడతం, మెంబరు దాన్ని మీటింగులో చదివి, మినిట్స్‌లో రాయమని పట్టుబడుతది. రాయకపోతే లెటరు ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకుంటది. మొదటిసారి ఆ అక్క చేతులు వణికినయి. రెండోసారి కూడా వణికినయి. మూడోసారి ముందు వరసలో కూచున్నది, ఎవరూ లేపలేదు.

భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్లు ఒక తీరు, వాటి అవతలి వాడలు ఒక తీరు. నీళ్ళు కంపెనీవా, మునిసిపాలిటీవా అని తగువు పెట్టి రెండూ తప్పించుకునే చోట ఈ పని ఎట్ల చెయ్యాల్నో అక్కడి తమ్ముళ్ళే మాకు చెప్పాలె. మానుకోటలో తండాలోళ్ళతో కలిసి చెయ్యకపోతే కుదరదు, ఆ లెక్క అక్కడోళ్ళకు బాగా తెలుసు.

మేము తెచ్చిన పాత ఎజెండా కాయితాలు ఆ బల్ల మీద ఉన్నయి. అన్నాలు తిన్నంక పదిమందికొక జట్టుగా కూచొని చదువుదాం. చదువు రాని అక్కల జట్టులో తప్పకుండా ఒక పిల్లనో పిల్లగాణ్ణో కూచోబెట్టండి. ఇప్పుడు ఎవరైనా అడగాలనుకుంటే అడగండి. మానుకోట నుంచి వచ్చిన పెద్దమ్మ చాలాసేపటి నుంచి చెయ్యెత్తే ఉంది, ముందు ఆమెకు మైకు ఇయ్యండి.